జార్ బిళ్ల దయ్యాన్ని తరమదు: ఈజిప్టు వెండి తాయెత్తుల వెనుక ఉన్న ఒప్పందం

పాత వెండి నగలు అమ్మే వెబ్‌సైట్లలో ‘ఈజిప్షియన్ జార్ ఆమ్యులెట్’ పేరుతో గుండ్రటి బిళ్లలు కనబడుతుంటాయి. ఒక పక్క కత్తి పట్టిన మనిషో, చేప తోక ఉన్న స్త్రీయో ఉంటారు. రెండో పక్క అరబీ రాత, కింద వరసగా మువ్వలు. పక్కనే ఇచ్చే వివరణ మాత్రం ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. దుష్టశక్తుల నుంచి కాపాడేదని ఒకరు రాస్తారు. ఫారోల కాలం నాటి మంత్రవిద్య అని ఇంకొకరు, దయ్యాలు వదిలించే క్రతువులో వాడేదని మరొకరు. మూడూ తప్పుదారి పట్టించేవే. మూడోది సగం నిజం కాబట్టి దానితోనే ఎక్కువ చిక్కు.

క్రతువు ఉన్న మాట నిజం, అందులో ఈ వెండి వాడే మాటా నిజం. వదిలించడం అన్నదే అబద్ధం.

జార్ అంటే ఏమిటి, ఏది కాదు

జార్ అన్న పేరు మూడింటికి చెల్లుతుంది. మనిషిని పట్టే ఒక రకం ఆత్మ జార్. ఆ ఆత్మ వల్ల వచ్చే బాధా జారే. ఆ బాధకు ఉపశమనంగా డప్పులతో, పాటలతో, ధూపంతో చేసే క్రతువూ జారే. రష్యా చక్రవర్తి జార్‌తో దీనికి ఏ సంబంధమూ లేదు. ఇథియోపియా, సోమాలియా, సూడాన్, ఈజిప్టు, అరేబియా ద్వీపకల్పం, ఇరాన్ దక్షిణ తీరం, ఇన్ని చోట్ల ఇది రకరకాల రూపాల్లో ఉంది. కువైట్‌లోనో ఒమన్‌లోనో ఏళ్ల తరబడి పనిచేసి వచ్చిన మనవాళ్లలో కొందరు ఈ పేరు విని ఉండవచ్చు.

ఈజిప్టులో ఈ ఆత్మలను ‘అస్యాద్’ అంటారు, అంటే యజమానులు. ఆత్మ పట్టిన స్త్రీ ‘మల్బూసా’, అంటే తొడగబడినది. ఆత్మ ఆమెను బట్టలా వేసుకుందన్న ఊహ ఇందులో ఉంది. క్రతువు నడిపే పెద్దావిడ ‘కోదియా’. ఎక్కువగా తల్లి నుంచి కూతురికి వచ్చే పని ఇది. ఏ ఆత్మకు ఏ పాట, ఏ తాళం, ఏ రంగు, ఏ ధూపమో ఆమెకు కంఠతా వచ్చి ఉండాలి.

తెలుగు పాఠకుడి మనసులో ఇలాంటి విషయాలకు రెండు అరలు ఉంటాయి. గాలి సోకితే భూతవైద్యుడు వేపమండలతో కొట్టి వదిలించేది ఒకటి. జాతరలో అమ్మవారు పూనితే పసుపునీళ్లు పోసి, ఏం కావాలో అడిగి, సాక పోసి శాంతపరిచేది రెండోది. జార్‌ను మొదటి అరలో పెడితే ఇక ఏదీ అర్థం కాదు. అది రెండోదానికే దగ్గర. తేడా ఏమిటంటే ఈ ఆత్మ దేవత కాదు, ఊరందరిదీ కాదు. ఒక్క స్త్రీని పట్టుకుంటుంది, పట్టాక జీవితాంతం పోదు. కోదియా చేసేది వెళ్లగొట్టడం కాదు, రాజీ కుదర్చడం. ఆత్మ కొన్ని కోర్కెలు కోరుతుంది, స్త్రీ తరఫు వాళ్లు తీరుస్తారు, బదులుగా ఆత్మ ఆమెను బాధపెట్టడం మానుకుంటుంది. ఆ కోర్కెల జాబితాలోదే వెండి నగ.

ఫారోల దాకా వెళ్లాల్సిన పని లేదు

ఆంగ్లేయుడు ఎడ్వర్డ్ లేన్ 1820ల్లో, 1830ల్లో కైరోలో ఏళ్ల తరబడి ఉండి, అక్కడి జనం తిండి, బట్ట, పెళ్లి, తాయెత్తు, జిన్నుల భయం అన్నీ వివరంగా రాశాడు. ఆ రాతల్లో జార్ ప్రస్తావనే లేదు. దాదాపు అదే రోజుల్లో, 1839లో, ఇథియోపియాలో ఉన్న క్రైస్తవ మిషనరీలు మాత్రం ఈ ఆత్మల గురించి రాశారు. 1870లకల్లా ఎగువ ఈజిప్టులో, అంటే దేశపు దక్షిణ భాగంలో, జార్ బాగా కనబడుతోంది. 1900 ప్రాంతానికి కైరోలో పాషాల అంతఃపురాల్లోనూ జరుగుతోంది, దాన్ని తిడుతూ అరబీలో పుస్తకాలూ వచ్చాయి.

ఈ నడుమ ఏం జరిగింది? 1820లో ఈజిప్టు పాలకుడు ముహమ్మద్ అలీ పాషా సైన్యం సూడాన్ మీదకు వెళ్లింది. ఆ తర్వాత దశాబ్దాల పాటు సూడాన్ నుంచి, ఇథియోపియా నుంచి బానిసలుగా పట్టి తెచ్చిన స్త్రీలు ఈజిప్టు ఇళ్లలోకి పెద్ద సంఖ్యలో చేరారు. జార్ వాళ్ల వెంట వచ్చిందన్నదే పరిశోధకుల్లో ఎక్కువమంది మాట. లేన్ రాయనంత మాత్రాన లేదని అనలేం కదా అని అడగవచ్చు. నిజమే, పరాయి మగవాడికి స్త్రీల గదుల్లో జరిగేవి అన్నీ తెలియవు. అయినా ఆత్మల పేర్లలోనే హబషీలు (ఇథియోపియా వాళ్లు), సూడానీలు ఇంతమంది ఉండటం ఈ వాదనకు బలమైన ఆధారం. ఫారోల కాలంతో ముడిపెట్టే ఆధారం ఏదీ ఇంత గట్టిగా లేదు. తాయెత్తు మీది చేపతోక స్త్రీని చూసి పురాతన దేవత అనడం అమ్మకానికి పనికొస్తుంది, చరిత్రకు పనికిరాదు.

మూడు రకాల వెండి ఒకే పేరుతో

గందరగోళం ఎక్కువగా ఇక్కడే. ఈజిప్టు స్త్రీలు ఒంటి మీద వేసుకున్న వెండిలో మూడు రకాలను కలిపేసి ‘జార్ తాయెత్తు’ అంటున్నారు.

మొదటిది కాపుదల తాయెత్తు. ఈజిప్టులో దీన్ని ‘హిజాబ్’ అంటారు. తలకు చుట్టుకునే హిజాబే మనకు తెలుసు, అక్కడ తాయెత్తుకూ అదే పేరు. కాగితం మీద ఖురాన్ వాక్యాలో, అంకెల గళ్లో రాసి, మడిచి, తోలు సంచిలోనో వెండి గొట్టంలోనో పెట్టి కడతారు. దిష్టికి, జిన్నులకు, పురిటి పిల్లలను ఎత్తుకుపోతుందనే ‘ఉమ్మ్ అస్-సిబ్యాన్’కు ఇది అడ్డు. సులేమాన్ ప్రవక్త ఆమె చేత చేయించిన ఏడు ప్రమాణాలను అచ్చు వేసి తాయెత్తుగా అమ్మడం ఈజిప్టులో మామూలు. మన రాగి రక్షరేకు ఎందుకు కడతామో ఇదీ అందుకే. దీనికి జార్ క్రతువు అక్కర్లేదు.

రెండోది ఆత్మ అడిగి తీసుకున్న నగ. బిళ్ల కావచ్చు, ఉంగరం కావచ్చు, మువ్వల కడియం కావచ్చు. ఇది అడ్డుపెట్టేది కాదు. ఆత్మకు ఇచ్చిన కానుక, ఒప్పందానికి గుర్తు. వేసుకునేది ఆమె, సొత్తు మాత్రం ఆత్మది.

మూడోది ఏ ప్రత్యేకతా లేని మామూలు నగ. పెళ్లికి పెట్టిన కడియమో, పండగకు కొన్న గొలుసో. ఆత్మ ఒకరోజు అదే కావాలని అడిగితే రెండో రకంలోకి మారిపోతుంది. పైన గీతైనా మారదు.

కాబట్టి ఆకారం చూసి జార్ నగ అని తేల్చడం అన్నిసార్లూ కుదరదు. ఆత్మ బొమ్మ చెక్కిన బిళ్లల విషయంలో కొంత కుదురుతుంది. పూసల దండలు, సాదా ఉంగరాలు, కాలి కడియాల విషయంలో అసలు కుదరదు. వాటిని జార్ నగలుగా చేసింది క్రతువు. ఆ సంగతి వెండి మీద రాసి ఉండదు.

ఒక బిళ్ల జార్ బిళ్ల అయ్యే దారి

లెక్క తేలికగా అర్థం కావడానికి ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. ఇరవయ్యో శతాబ్దం మొదటి సగంలో కైరోలో ఒక గృహిణి. నెలల తరబడి తలనొప్పి, ఒళ్లంతా బరువు, ఎవరితో మాట్లాడాలన్నా విసుగు. డాక్టరు మందులు పనిచేయలేదు. ఇమాము దగ్గర హిజాబ్ రాయించి కట్టారు, అదీ పనిచేయలేదు. ఈ వరస ముఖ్యం. జార్ సాధారణంగా మొదటి వైద్యం కాదు, మిగతావి విఫలమయ్యాక వెళ్లే చోటు.

ఆమె తలకు కట్టుకునే గుడ్డను, కాస్త డబ్బుతో కలిపి కోదియాకు పంపుతారు. దీన్ని ‘అతర్’ అంటారు. కోదియా దాన్ని తలగడ కింద పెట్టుకుని పడుకుంటుంది. కలలో ఆత్మ కనబడి తానెవరో, ఏం కావాలో చెబుతుంది. కల తేలకపోతే తాళంతో పరీక్ష పెడతారు. ఒక్కో ఆత్మ పాట కొద్దిసేపు వాయిస్తూ పోతే, ఎక్కడ ఆమె ఒళ్లు కదిలితే ఆ ఆత్మదే ఆమె. మన ఉదాహరణలో ‘యౌరీ బే’ పాటకు కదిలిందనుకుందాం. ఒకరికి ఒకే ఆత్మ ఉండాలని లేదు, ముగ్గురు నలుగురు ఉండటం మామూలే. ఒక్కో ఆత్మకు ఒక్కో ఉంగరం కావాల్సి వస్తుంది. పాత ఫొటోల్లో జార్‌కు వచ్చిన ఆడవాళ్ల ఒంటి మీద అన్ని నగలు కనబడటానికి ఇదో కారణం.

తర్వాత బేరం. యౌరీ బే ఒట్టోమన్ (టర్కీ) సైన్యపు అధికారి, షోకిలా. ఎర్ర దుస్తులు, ఎర్ర టర్బూష్ టోపీ, సిగరెట్లు, సెంటు అడుగుతాడు. ఫలానా రంగు పొట్టేలు కావాలంటాడు. తన బొమ్మ ఉన్న వెండి బిళ్ల అడుగుతాడు. ఇంటి స్తోమతు తెలిసిన కోదియా ఈ జాబితాను పెంచనూ గలదు, తగ్గించనూ గలదు. గిట్టనివాళ్ల ఆక్షేపణ మొదలయ్యేదీ ఇక్కడే.

క్రతువు రోజు గది మధ్యలో ‘కుర్సీ’ వేస్తారు. పేరుకు కుర్చీ, నిజానికి తెల్లగుడ్డ పరిచిన బల్ల. దాని మీద పళ్లెంలో ఎండు ఖర్జూరాలు, బాదం, వేరుశనగలు, మిఠాయిలు, చుట్టూ కొవ్వొత్తులు. ‘అరూసా’, అంటే పెళ్లికూతురు, అని పిలిచే ఆ స్త్రీ చుట్టూ సాంబ్రాణి పొగ తిప్పుతారు. ప్రవక్తను స్తుతిస్తూ మొదలుపెట్టి, ఒక్కో ఆత్మను పాటతో పిలుస్తారు. పొట్టేలునో కోడినో పావురాన్నో కోశాక ఆ నెత్తురు ఆమె ముఖానికి, చేతులకు, కాళ్లకు పూస్తారు. నగల మీదా పడనిస్తారు. కొత్త వెండి జార్ వెండి అయ్యేది ఈ క్షణంలో. ఆమె ఆ నెత్తురు బట్టలతోనే కొన్ని రోజులు విడిగా ఉండాలని పాత వర్ణనలు చెబుతాయి. ఆ తర్వాత వారం వారం జరిగే ‘హద్రా’ అనే కూడికలకు వెళ్తుంది, అదే నగ వేసుకుని, తన ఆత్మ పాట వచ్చినప్పుడు ఆడుతుంది. రంజాన్ నెలలో మాత్రం అన్నీ ఆగిపోతాయి. ఆ నెల ఆత్మలు బంధనంలో ఉంటాయని నమ్మకం.

ఇందులో తప్పు జరిగే చోట్లు కొన్ని ఉన్నాయి. ఆత్మను తప్పుగా గుర్తించడం ఒకటి. కానుక వేరేవాళ్లకు చేరినట్టవుతుంది, జబ్బు తిరగబెడుతుంది. వెండికి బదులు ఇత్తడి చేయించి సరిపెట్టడం ఇంకొకటి. ఇత్తడి బిళ్లలూ, వెండి పూత బిళ్లలూ లేకపోలేదు. లేనివాళ్లకు ఆత్మ కూడా సర్దుకుంటుంది. ఉండీ ఎగ్గొట్టినప్పుడే కోపం. అన్నిటికన్నా పెద్ద తప్పు ఆ నగను అమ్మడమో, అరువివ్వడమో. ఒప్పందం ఏకపక్షంగా తెంచుకున్నట్టే, బాధ మళ్లీ మొదలవుతుంది.

బొమ్మల్లో ఎవరెవరు

అస్యాద్ అంతా ఒక జాతి కాదు, కుటుంబాలుగా ఉంటారు. హబషీ సుల్తానులు, సూడానీలు, ఎడారి అరబ్బులు, ఎగువ ఈజిప్టు రైతులు, టర్కీ దొరలు, మఠంలోని క్రైస్తవ సన్యాసులు, సముద్రపు వాళ్లు, యూరప్ దొర ‘ఖవాజా’. పందొమ్మిదో శతాబ్దం చివర కైరో వీధిలో నిలబడితే ఎవరెవరు కనబడతారో వాళ్లంతా ఈ జాబితాలో ఉన్నారు.

బిళ్లల మీద అందరికీ సమాన చోటు లేదు. ఎక్కువగా కనబడేది టర్బూష్, చేతిలో కత్తి ఉన్న యౌరీ బే. తర్వాత చేప తోకతో ‘సఫీనా’, నీళ్లకు సంబంధించిన ఆత్మ. ఆ కుటుంబంలోనే ‘సుల్తాన్ అల్-బహర్’, సముద్ర సుల్తాను. కొన్నిట్లో ఇద్దరు పక్కపక్కన నిలబడి ఉంటారు. హబషీ ‘మమ్మా’ పేరూ, మరుగుదొడ్డి దగ్గర ఉండే సూడానీ ‘గాదో’ పేరూ పాటల్లో బాగా వినబడతాయి. మరుగుదొడ్డికి ఒక ఆత్మ ఏమిటని నవ్వొస్తుంది గానీ, జిన్నులు అలాంటి తావుల్లోనే ఉంటాయన్నది ఆ సమాజంలో అందరికీ తెలిసిన సంగతి.

క్రైస్తవ ఆత్మ పట్టిన ముస్లిం స్త్రీ శిలువ వేసుకున్న సందర్భాలున్నాయి. నగ వేసుకున్న మనిషి మతం కాక, నగ అడిగిన ఆత్మ మతం చూడాలి. సంగ్రహాలయాల్లో ‘కాప్టిక్ నగ’ (ఈజిప్టు క్రైస్తవుల నగ) అని చీటీ కట్టిన కొన్నిటి విషయంలో ఇది గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి.

కంసాలి చేతిలో

కైరోలో ఖాన్ అల్-ఖలీలీ అనే పాత బజారు పక్కనే ‘సాగా’ ఉంది, కంసాలుల బజారు. బిళ్లల పని పెద్ద క్లిష్టమైనది కాదు. వెండి రేకును గుండ్రంగానో దీర్ఘచతురస్రంగానో కత్తిరించి, సన్నటి ఉలితో బొమ్మ గీస్తారు. బట్టల మడతలు, మీసాలు, చేప పొలుసులు నింపడానికి ఉలిని అటూ ఇటూ ఊపుతూ తోస్తే వంకర గీత పడుతుంది. ఆ వంకర గీతే పాత బిళ్లల ఉపరితలానికి ఒక జీవం. అంచున మెలితిప్పిన తీగ, పైన గొలుసు దూర్చే కొంకి, రెంటినీ టంకంతో అతికిస్తారు. కింది అంచున రంధ్రాలు పొడిచి మువ్వలో, చిన్న బిళ్లలో వేలాడదీస్తారు. అయిదు, ఏడు అని అమ్మకందారులు అర్థాలు చెబుతారు గానీ, పాతవాటిలో ఒకటో రెండో ఊడిపోయి ఉండటం మామూలు. కాబట్టి మువ్వలు కాదు, రంధ్రాలు లెక్కపెట్టాలి.

మువ్వలు అలంకారానికే కాదు. క్రతువంతా తాళం మీద నడుస్తుంది. స్త్రీలు వాయించే డప్పులు, అబుల్ గైత్ అనే మగవాళ్ల బృందాల వేణువు, చేతాళాలు, సూడానీ బృందాల ‘తంబూరా’ అనే ఆరు తీగల వాద్యం, నడుముకు కట్టుకుని ఊపే మేక గిట్టల పట్టీ ‘మంగూర్’, ఇన్ని ఉంటాయి. ఆడే స్త్రీ ఒంటి మీది వెండి వాటితో శబ్దం కలుపుతుంది.

ఒక బిళ్లను చదివి చూద్దాం

ఇంకో ఊహా ఉదాహరణ. అరచేతిలో ఇమిడే గుండ్రటి బిళ్ల, తూకం 25 గ్రాములు. ముందు టర్బూష్ పెట్టుకుని కత్తి పట్టిన మనిషి. వెనక అరబీ పంక్తులు, చివర్లో అక్షరాలు గజిబిజి. కింద అయిదు రంధ్రాలు, నాలుగు మువ్వలు. కొంకి దగ్గర మూడు చిన్న ముద్రలు: ఒక తామర పువ్వు, ఒక అరబీ అక్షరం, అరబీ అంకెల్లో 80. (ఆ అంకెల్లో 8 అంటే పైన కలిసిన రెండు వాలు గీతలు, సున్నా అంటే చుక్క.)

ముద్రలతో మొదలుపెడదాం. 80 అంటే నూటికి ఎనభై పాళ్లు వెండి. ఈజిప్టులో 60, 80, 90 ముద్రలు కనబడతాయి. 25 గ్రాములంతా అదే రేకు అయితే అసలు వెండి 20 గ్రాములు. మువ్వలు వేరే మిశ్రమంతో చేసి ఉంటే ఆ లెక్క తగ్గుతుంది. తామర పువ్వు వెండి ముద్రగా 1946 నుంచి ఉంది, అంతకుముందు పిల్లి బొమ్మ కొట్టేవారు. కాబట్టి ముద్ర 1946కు ముందుది కాదు. ‘పంతొమ్మిదో శతాబ్దపు అరుదైన వస్తువు’ అని అమ్ముతుంటే అక్కడే ఆగి అడగాలి. ఇక్కడో మెలిక ఉంది. పాత వస్తువు మళ్లీ బజారుకు వచ్చినప్పుడు కొత్త ముద్ర పడవచ్చు. ముద్ర చెప్పేది ఆ వెండిని పరీక్షించిన కాలం. తయారైన కాలం కచ్చితంగా అదే అయి ఉండాలని లేదు.

రాతలో తప్పులుంటే నకిలీ అనుకోవడం తేలిక. అది తొందరపాటు. కంసాలులందరికీ చదువు రాదు. నమూనా చూసి గీసేవాళ్లు, చోటు చాలక చివరి మాటలు మింగేసేవాళ్లు, అక్షరాల్లా కనబడే గీతలతో నింపేసేవాళ్లు పాత రోజుల్లోనూ ఉన్నారు. అనుమానపడాల్సింది వేరే చోట. ఒకే దుకాణంలో అయిదు బిళ్లలు పెట్టి, అన్నిట్లో ఒకే అక్షరం ఒకే చోట విరిగి ఉంటే అవి ఉలితో చెక్కినవి కావు, అచ్చులో పోసినవి. గీత అంచులు మొద్దుగా, గుంటల్లో చిన్న బుడగల గుర్తులతో ఉన్నా అంతే. మసి పూసి ముసలిదనం తెచ్చినదైతే మసి ఎత్తుల మీదా పల్లాల్లోనూ సమానంగా ఉంటుంది. నిజంగా వాడినది కొంకి లోపలి పైభాగంలో, మువ్వల కొక్కేల్లో అరిగి సన్నబడుతుంది.

ఇవన్నీ సరిపోయినా తేలేది ఒకటే: ఇది జార్ కోసం చేయదగిన రూపంలో ఉన్న బిళ్ల. ఒక స్త్రీ దీన్ని అడిగించుకుందా, దీని మీద నెత్తురు పడిందా అన్నది లోహం చెప్పదు. ఎవరి ఇంట్లోంచి, ఏ సందర్భంలో వచ్చిందో రాసి ఉన్న వస్తువుకు సంగ్రహాలయాలు ఎక్కువ విలువ ఇచ్చేది అందుకే. అలాంటివి తక్కువ. పల్లెల్లో బంగారం మోజు పెరిగాక వెండిని తూకానికి అమ్మి కరిగించడం ఈజిప్టులో విస్తారంగా జరిగింది. మనదగ్గర బామ్మల కాలి కడియాలకు పట్టిన గతే.

వెనక వైపు ఖురాన్ వాక్యం ఎందుకు

బిళ్లల వెనక ఎక్కువగా ఉండేది ‘ఆయతుల్ కుర్సీ’, ఖురాన్ రెండో అధ్యాయం 255వ వాక్యం. జిన్నులను, సైతానును దూరం పెట్టడానికి ముస్లిం ప్రపంచమంతటా చదివే వాక్యం ఇదే. మరి ఆత్మను దూరం పెట్టే వాక్యాన్ని, ఆత్మకే ఇచ్చే కానుక మీద ఎందుకు చెక్కారు?

ఆత్మ మీద ఒక అదుపు అని ఒక వివరణ. కానుక ఇస్తూనే హద్దు గీయడం అన్నమాట. క్రతువు చేసేవాళ్ల మాట వేరు. అస్యాద్ కూడా అల్లా సృష్టే, వాళ్లలోనూ ముస్లింలు ఉన్నారు, క్రతువు మొదలయ్యేదే ప్రవక్త పేరుతో, కాబట్టి ఇందులో విరుద్ధం ఏమీ లేదంటారు. మూడో వివరణ మామూలు వ్యాపారానిది. కంసాలి చేతికి అలవాటైన వాక్యం అదే, కొనేవాళ్లు తాయెత్తు మీద చూడాలనుకునేదీ అదే. నాకు మూడో వివరణ తక్కువ అంచనా వేయదగినది కాదనిపిస్తుంది. రెండోదాన్ని మాత్రం కొట్టిపారేయలేం, ఎందుకంటే ఆ బిళ్ల వేసుకున్నవాళ్ల మాట అది.

మతపెద్దలు ఈ సమాధానాన్ని ఒప్పుకోలేదు. అల్లాను తప్ప మరొకరిని సంతృప్తి పరచడానికి పశువును కోయడం ఇస్లాంలో పెద్ద తప్పు. నెత్తురు పూసుకోవడం అపవిత్రం. మనిషి బొమ్మ చెక్కిన లోహం మీద ఖురాన్ వాక్యం ఉండటం వాళ్లకు మరీ అభ్యంతరం. గత శతాబ్దం పొడుగునా సంస్కరణవాదులు, పత్రికలు, చదువుకున్న జాతీయవాదులు జార్‌ను వెనకబాటుతనానికి ఉదాహరణగా చూపారు. ఒక పేద ఇంటి మీద పొట్టేలు, వెండి, విందు ఖర్చు పడితే ఏమవుతుందన్న వాళ్ల ప్రశ్న మతంతో సంబంధం లేకుండానే నిలబడుతుంది.

ఎవరికి లాభం: పరిశోధకుల తగవు

సోమాలీల మధ్య పనిచేసిన మానవశాస్త్రవేత్త ఐ.ఎం. లూయిస్ ఈ కానుకల గురించి మొహమాటం లేకుండా రాశారు. నేరుగా అడిగే హక్కు లేని ఆడవాళ్లకు ఇది చాటు నిరసన, ఆయన దృష్టిలో. ‘నాకు నగ కావాలి’ అంటే భర్త కసురుకుంటాడు. ‘యౌరీ బే అడుగుతున్నాడు’ అంటే కాదనలేడు. పైగా ఆ నగను అమ్మడానికీ వీల్లేదు. భర్తకు అప్పులున్నా అది ఆమె దగ్గరే ఉంటుంది. లెక్క చక్కగా కుదురుతుంది.

అతి చక్కగా కుదురుతుందన్నదే ఆక్షేపణ. ఉత్తర సూడాన్ పల్లెలో జార్‌ను అధ్యయనం చేసిన జానిస్ బాడీ దీన్ని లాభనష్టాలకు కుదించకూడదన్నారు. ఆత్మ తనలో ఉందని నమ్మే స్త్రీ నాటకం ఆడటం లేదు. తన జీవితాన్ని తాను బయట నుంచి చూసుకునే అవకాశం, తనది కాని మరో మనిషిగా కాసేపు ఉండే అనుభవం ఆమెకు దొరుకుతోంది అన్నది ఆమె వాదన. ఆ దృష్టితో చూస్తే మీసాలున్న సైన్యాధికారి బొమ్మను ఒక గృహిణి మెడలో వేసుకోవడం వింత కాదు.

వైద్యులది ఇంకో దారి. ఈజిప్టు మనోవైద్యుడు అహ్మద్ ఒకాషా 1966లోనే జార్ మీద పరిశోధన పత్రం ప్రచురించారు. అమెరికా మనోవైద్య సంఘం 1994లో తెచ్చిన రోగనిర్ధారణ గ్రంథం ఒక సంస్కృతికి పరిమితమైన రుగ్మతల జాబితాలో జార్‌ను చేర్చింది. 2013 ప్రతిలో ఆ జాబితా బాగా కుదించుకుపోయింది, అందులో జార్ లేదు. ఆట, పాట, నలుగురి పలకరింపు, తనకోసం ఒక రోజంతా గడిచిందన్న తృప్తి, ఇవి దిగులుకు ఊరట ఇస్తాయనడంలో పెద్ద వివాదం లేదు. మూర్ఛ వ్యాధినో, థైరాయిడ్‌నో ఆత్మ అనుకుని నెలలు గడిపేస్తే వచ్చే నష్టం మీదా వివాదం లేదు. ఈ రెండూ ఒకే గదిలో జరగగలవు.

ఇప్పుడు దొరికేది ఏమిటి

కైరోలో ‘మకాన్’ అనే చిన్న సంగీత వేదిక ఉంది. అక్కడ ‘మజాహెర్’ బృందం జార్ పాటలు వినిపిస్తుంది. తల్లుల దగ్గర నేర్చుకున్న స్త్రీలే ముందుండి పాడతారు. పాటలు అవే, తాళాలు అవే, తంబూరా, మంగూర్ కూడా ఉంటాయి. ఉండనివి కుర్సీ, బలి, అరూసా. టిక్కెట్టు కొని వచ్చినవాళ్లలో ఎవరి తలగుడ్డా ఎవరి తలగడ కిందకూ వెళ్లలేదు. కాబట్టి ఆ సాయంత్రం గాయనుల ఒంటి మీద ఎంత వెండి మెరిసినా, పైన చెప్పిన లెక్కలో అది మూడో రకం. ఖాన్ అల్-ఖలీలీలో సందర్శకులకు అమ్మే కొత్త బిళ్లలకైతే ఏ రకంలోనూ చోటు లేదు. ఆత్మా అడగలేదు, దిష్టికీ కట్టలేదు, పెళ్లికీ పెట్టలేదు. అలాంటిది కొనాలనిపిస్తే వెండి తూకానికి, చెక్కడం కూలికి సరిపడా డబ్బిచ్చి కొనుక్కోవచ్చు, పురాతనత్వం పేరుతో అడిగే అదనపు సొమ్ము మాత్రం ఇవ్వక్కర్లేదు.